జీవితానికి వెల కట్టిన గ్రాండ్ పెన్షనరీ – యోహాన్ డి విట్

పెన్షన్ కమ్యుటేషన్ చేసుకున్న మన సభ్యులందరికీ ఆ పట్టిక గుర్తుండే ఉంటుంది. వయసుకు ఎదురుగా ఒక అంకె ఉంటుంది, దానితో హెచ్చవేస్తే చేతికొచ్చే మొత్తం తేలుతుంది. ఆ అంకె ఎలా పుట్టిందని ఆఫీసులో అడిగితే జవాబు చెప్పేవారు అరుదు. మనిషి ఎన్నాళ్ళు బతుకుతాడో ఎవరికీ తెలియకపోయినా, అతనికి జీవితాంతం ఇవ్వవలసిన సొమ్ముకు ఈనాటి విలువ కట్టవచ్చునని లెక్క వేసి ప్రభుత్వానికి రాతపూర్వకంగా సమర్పించిన తొలి వ్యక్తులలో ఒకడు 17వ శతాబ్దపు డచ్చి రాజనీతిజ్ఞుడు యోహాన్ డి విట్.

ఆయన ఉద్యోగం పేరులోనే పెన్షన్ ఉండడం ఒక చిత్రం. హాలెండు వారు ఆ హోదాను రాడ్‌పెన్షనారిస్ అన్నారు, ఇంగ్లీషు వారు గ్రాండ్ పెన్షనరీ అన్నారు. నగర సభల దగ్గర జీతం పుచ్చుకుని పనిచేసే న్యాయ సలహాదారును ఆ దేశంలో పెన్షనరీ అనేవారు. అప్పట్లో పెన్షన్ అంటే పదవీ విరమణ తర్వాత వచ్చేది కాదు, కొలువులో ఉండగా ఇచ్చే జీతం. కనుక డి విట్ రాజు కాడు, ప్రభువు కాడు. హాలెండు రాష్ట్ర సభ వద్ద జీతం తీసుకునే ఉద్యోగి. ఆ హోదాలోనే 19 సంవత్సరాలు దేశాన్ని నడిపాడు.

ఆ దేశం అప్పుడు మంచి వెలుగులో ఉంది. స్పెయిన్ రాజుతో 80 ఏళ్ళపాటు పోరాడి 1648లో స్వాతంత్ర్యాన్ని ఖాయం చేసుకున్న ఏడు రాష్ట్రాల సమాఖ్య అది. సముద్రం కన్నా పల్లంగా ఉన్న నేలను కట్టలు కట్టి, గాలిమరలతో నీరు తోడి సాగులోకి తెచ్చుకున్నారు. వారి ఈస్టిండియా కంపెనీ 1602లో పుట్టింది. మన బందరుకు, పులికాట్‌కు, భీమిలికి వచ్చి అద్దకపు బట్టలు కొన్న వలందాలు వీరే. బందరులోని వలందపాలెం పేరులో వారి గుర్తు ఉంది. డి విట్ కొలువులో ఉన్న రోజుల్లోనే ఆమ్‌స్టర్‌డాంలో రెంబ్రాంట్, డెల్ఫ్ట్‌లో వెర్మీర్ బొమ్మలు వేస్తున్నారు. హైగెన్స్ శని గ్రహం చుట్టూ ఉన్నది వలయమని తేల్చాడు. స్పినోజా కటకాలు అరగదీసుకుంటూ తత్వశాస్త్రం రాస్తున్నాడు.

యోహాన్ 1625 సెప్టెంబరు 24న డోర్డ్రెక్ట్ పట్టణంలో జన్మించాడు. తండ్రి యాకబ్ కలప వ్యాపారి, ఆ పట్టణానికి మేయరుగా కూడా పనిచేసినవాడు. అన్న కోర్నేలిస్ రెండేళ్ళు పెద్ద. అన్నదమ్ములిద్దరూ లైడెన్ విశ్వవిద్యాలయంలో చదివారు. తర్వాత ఫ్రాన్సు, ఇంగ్లండు తిరిగి వచ్చారు. యోహాన్ ఫ్రాన్సులో న్యాయశాస్త్రంలో డాక్టరు పట్టా పుచ్చుకుని హేగ్ నగరంలో వకీలుగా ప్రాక్టీసు పెట్టాడు. మనసు మాత్రం గణితం మీదనే. డెకార్ట్ జ్యామితిని లాటిన్‌లో ప్రచురించిన వాన్ స్కూటెన్ దగ్గర శిష్యరికం చేశాడు. వక్రరేఖల మీద ఆయన రాసిన గ్రంథం అదే ప్రచురణతో కలిసి 1659–61 మధ్య వెలువడింది.

రాజకీయం ఆయన ఇంటికే వచ్చి తలుపు తట్టింది. ఆ సమాఖ్యలో ఆరెంజ్ వంశపు యువరాజులు స్టాట్‌హోల్డర్ అనే పదవిలో సైన్యాధిపత్యం చేసేవారు. 1650లో రెండో విలియం యువరాజుకూ హాలెండు రాష్ట్ర సభకూ సైన్యం ఖర్చుల మీద తగాదా వచ్చింది. యువరాజు ఆరుగురు ప్రముఖులను పట్టించి లోవెస్టైన్ కోటలో పెట్టించాడు. వారిలో యాకబ్ డి విట్ ఒకడు. కొద్ది నెలలకే, నవంబరులో, యువరాజు మశూచితో మరణించాడు. వారం దాటాక ఆయనకు కొడుకు పుట్టాడు. హాలెండు మరి స్టాట్‌హోల్డరును నియమించలేదు. ఆ ఏడాది చివరికే యోహాన్ తన ఊరి పెన్షనరీ అయ్యాడు. 1653 జూలైలో, 28 ఏళ్ళు నిండకుండానే, హాలెండు గ్రాండ్ పెన్షనరీ అయ్యాడు.

ఆడంబరం లేని మనిషి. హేగ్ వీధుల్లో ఒక్క నౌకరును వెంటబెట్టుకుని కాలినడకన తిరిగేవాడని అక్కడి ఇంగ్లీషు రాయబారి టెంపుల్ మెచ్చుకుంటూ రాశాడు. 1655లో ఆమ్‌స్టర్‌డాం వర్తక కుటుంబానికి చెందిన వెండెలా బికర్‌ను వివాహమాడాడు. అదే సంవత్సరం హాలెండు తన రుణపత్రాల మీద వడ్డీని 5 శాతం నుంచి 4 శాతానికి తగ్గించి, మిగిలిన సొమ్మును అప్పు తీర్చడానికి మళ్ళించింది. వడ్డీ తగ్గినప్పుడు ఆ ఆదాయం మీద బతికేవారికి ఎలా ఉంటుందో డిపాజిట్లున్న మన సభ్యులకు చెప్పనక్కరలేదు. అయినా ఆ ప్రభుత్వానికి అప్పిచ్చేవారు తగ్గలేదు. ఇచ్చిన మాట ప్రకారం చెల్లిస్తుందన్న నమ్మకం అటువంటిది.

ఆయన లెక్కల మనిషి అన్నది యుద్ధంలోనూ కనబడుతుంది. 1665లో ఇంగ్లండుతో యుద్ధం జరుగుతున్నప్పుడు టెక్సెల్ దగ్గర ఒక సముద్రమార్గం పెద్ద ఓడలకు చాలదని పైలట్లు అన్నారు. గ్రాండ్ పెన్షనరీ స్వయంగా పడవలో వెళ్ళి, లోతు కొలిపించి, ఓడలను బయటికి తీయించాడు. 1667 జూనులో అడ్మిరల్ డి రైటర్ నౌకాదళం మెడ్‌వే నదిలోకి చొరబడి ఇంగ్లీషు యుద్ధనౌకలను తగలబెట్టింది. రాష్ట్ర సభల ప్రతినిధిగా ఆ దళంతో వెళ్ళినవాడు అన్న కోర్నేలిస్. బ్రెడా సంధితో యుద్ధం ముగిసింది.

ఇక మనకు ముఖ్యమైన సంగతి. ఆ ప్రభుత్వం రెండు రకాలుగా అప్పు తెచ్చేది. మొదటి రకంలో ఏటా 1 గిల్డర్ కావాలంటే 25 గిల్డర్లు కట్టాలి, అంటే వడ్డీ 4 శాతం. అసలు తిరిగి చెల్లించేదాకా ఆ గిల్డర్ వస్తూనే ఉంటుంది, వారసులకు కూడా. రెండో రకం జీవితకాలపు భత్యం. ఏటా 1 గిల్డర్‌కు 14 గిల్డర్లు కట్టి ఒక మనిషి పేరు రాయించాలి. ఆ మనిషి బతికున్నన్నాళ్ళే సొమ్ము వస్తుంది, పోతే అసలు కూడా పోయినట్లే. తెలివైనవారు ఆరోగ్యంగా ఉన్న చిన్నపిల్లల పేర్లు రాయించేవారు.

ఈ 14 సరైన ధరేనా అన్నది ప్రశ్న. 1671లో డి విట్ రాష్ట్ర సభకు ఒక చిన్న పత్రం సమర్పించాడు. జీవితాన్ని ఆరేసి నెలల ముక్కలుగా విడగొట్టాడు. చిన్నతనం దాటిన దగ్గర నుంచి 53 ఏళ్ళ దాకా ప్రతి ఆరు నెలల్లోనూ మరణించే అవకాశం సమానమనుకున్నాడు. ఆపైన ప్రతి ముక్కకూ ఇచ్చే తూకాన్ని మెట్లుమెట్లుగా తగ్గిస్తూ 80 దాకా తీసుకెళ్ళాడు. ప్రతి ముక్కలో పోయిన మనిషికి అప్పటి దాకా ముట్టే సొమ్మును 4 శాతం వడ్డీతో వెనక్కి లెక్కగట్టి, అన్నింటికీ సగటు తీశాడు. జవాబు 16 పైచిలుకు వచ్చింది. అంటే 14కు అమ్ముతున్న ప్రభుత్వం కొనేవాడికి లాభం కట్టబెడుతోందన్నమాట. జనం ఆరోగ్యవంతులనే ఎంచి పేర్లు రాయిస్తారు కనుక అసలు విలువ ఇంకా ఎక్కువే ఉంటుందని కూడా ఆయన గమనించాడు. ఈనాటి బీమా కంపెనీల వారు తలపట్టుకునే చిక్కు ఇదే. ఆమ్‌స్టర్‌డాంలో భత్యాలు కొన్నవారి మరణాల వివరాలను ఆ నగర పాలకుడు, గణితజ్ఞుడు హుడ్డె సేకరించాడు. ఇద్దరూ ఉత్తరాలలో లెక్కలు సరిచూసుకున్నారు. హేలీ ప్రసిద్ధ మరణ పట్టిక వచ్చింది 1693లో, అంటే ఇంకా 22 ఏళ్ళ తర్వాత.

మనుషుల సంగతిలో మాత్రం ఆయన లెక్క తప్పింది. తండ్రి పోయాక పుట్టిన ఆరెంజ్ పిల్లవాడిని 1666లో రాష్ట్ర సభ తన సంరక్షణలోకి తీసుకుంటే, డి విట్ స్వయంగా పాఠాలు చెప్పాడు. మరుసటి ఏడాదే హాలెండులో స్టాట్‌హోల్డర్ పదవిని శాశ్వతంగా రద్దు చేయించాడు. శిష్యుడు రెండూ గుర్తుంచుకున్నాడు. నౌకాదళం మీద పెట్టిన శ్రద్ధ డి విట్ పదాతి సైన్యం మీద పెట్టలేదు. పదవుల్లో బంధువులు ఎక్కువయ్యారన్న మాట కూడా అబద్ధం కాదు. 1668లో భార్య మరణించింది.

1672ను డచ్చివారు నేటికీ విపత్తు సంవత్సరం అంటారు. ఫ్రాన్సు, ఇంగ్లండు, ఇద్దరు జర్మన్ బిషప్పులు ఒకేసారి మీద పడ్డారు. కోటలు వరుసగా కూలాయి. పొలాల మీదికి నీరు వదిలి హాలెండును కాపాడుకోవలసి వచ్చింది. జనం కోపమంతా డి విట్ మీదికి మళ్ళింది. జూన్ 21 రాత్రి ఇంటికి నడిచి వస్తుండగా నలుగురు యువకులు కత్తులతో పొడిచారు. ఆయన మంచం మీద ఉండగానే 21 ఏళ్ళ మూడో విలియం స్టాట్‌హోల్డర్ అయ్యాడు. ఆగస్టు 4న డి విట్ రాజీనామా ఇచ్చాడు.

అప్పటికే అన్న కోర్నేలిస్ జైల్లో ఉన్నాడు. యువరాజును చంపించజూశాడని టిఖెలార్ అనే మంగలి చేసిన ఫిర్యాదు అందుకు కారణం. చిత్రహింస పెట్టినా ఒప్పుకోలేదు. ఆగస్టు 20న న్యాయస్థానం నేరమేదో చెప్పకుండానే దేశ బహిష్కారం విధించింది. అన్నను చూడడానికి తమ్ముడు హేగ్ జైలుకు వెళ్ళాడు. బయట జనం, ఆయుధాలతో నగర దళం వారు మూగారు. అడ్డుగా ఉన్న గుర్రపు దళాన్ని పైనుంచి వచ్చిన ఉత్తర్వుతో వేరే చోటికి పంపేశారు. సాయంత్రానికి గుంపు తలుపు బద్దలుకొట్టి అన్నదమ్ములిద్దరినీ వీధిలోకి ఈడ్చి చంపింది. శవాలను ముక్కలు చేసి పంచుకున్నారు. యోహాన్‌కు 47 నిండడానికి నెల రోజులకు పైగా ఉంది. తన లెక్కలో మరణానికి సమానమైన అవకాశం ఇచ్చిన వయసుల్లోనే పోయాడు.

హంతకులను విలియం శిక్షించలేదు. టిఖెలార్‌కు ఉద్యోగమూ, ఏటా ఇంత సొమ్మూ ముట్టాయి. అంటే అతనూ పెన్షనరయ్యాడు. ఆ రాత్రి స్పినోజా హంతకులను ఖండిస్తూ గోడపత్రం అంటించడానికి బయల్దేరితే ఇంటి యజమాని తలుపు తాళం వేసి ఆపాడని లైబ్నిజ్ రాశాడు. తల్లి లేని యోహాన్ పిల్లలు బంధువుల పంచన పెరిగారు. కొడుకులిద్దరినీ పోగొట్టుకున్న ముసలి యాకబ్ 1674 దాకా బతికాడు. జైలు ఎదుటి మైదానంలో యోహాన్ విగ్రహం 1918లో గాని లేవలేదు.

ఆ 1671 పత్రం ప్రతులు కొద్ది కాలానికే అరుదైపోయాయి. సంభావ్యతా శాస్త్రం రాస్తున్న యాకబ్ బెర్నూలీ ఒక ప్రతి పంపమని లైబ్నిజ్‌ను పదే పదే అడిగినా దొరకలేదు. దాదాపు 180 ఏళ్ళ తర్వాత, 1850 దశకంలో, లండన్‌లో హెండ్రిక్స్ అనే బీమా నిపుణుడు దాన్ని ఇంగ్లీషులోకి అనువదించి తన వృత్తివారి పత్రికలో అచ్చువేయించాడు.