స్ఫటికముల లెక్క తేల్చిన సూరి భగవంతము

ఆదోని, ఎమ్మిగనూరు చేలలో నాగలికి తగులు తెల్లని పలుగురాయి రైతునకు అడ్డంకియే. ఆ జాతి రాతిలోనే నిర్మలమైన స్ఫటికమును తగిన కోణమున కోసి విద్యుత్తు నందించినచో, అది లయ తప్పక కంపించును. ద్రవములో ముంచి విద్యుత్తు నాపినచో ఆ కంపనము చప్పున అణగిపోవును. ఎంత త్వరగా అణగినదో చూచి ద్రవపు చిక్కదనమును కనిపెట్టు సాధనములు నేడు గలవు. ఈ అణగుటను ముందుగా గణించుటకు పలుగురాతి స్థితిస్థాపకత తెలియవలెను. స్ఫటికముల స్థితిస్థాపకతను శోధించిన ఆంధ్రులలో అగ్రగణ్యులు సూరి భగవంతముగారు.

వారు 1909 అక్టోబరు 14వ తేదీన కృష్ణాజిల్లా ఆగిరిపల్లిలో జన్మించిరి. హైదరాబాదు నిజాం కళాశాలలో చదివి, 1928లో కలకత్తా చేరి సి. వి. రామను శిష్యులైరి. రామను ఫలితము వెలువడిన సంవత్సరమదే! 1932లో వాల్తేరున ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో అధ్యాపకులైరి.

స్ఫటికమును కొలుచుటకు పూర్వమే, దాని స్వభావమును తెలుపుటకు ఎన్ని సంఖ్యలు కావలెనో తేల్చుకొనవలెనని వారి పద్ధతి. ఆ లెక్కను స్ఫటికపు సౌష్ఠవమే చెప్పును. సౌష్ఠవము అత్యల్పమైన స్ఫటికమునకు 21 స్థితిస్థాపక స్థిరాంకములు కావలెను. పలుగురాతికి 6, ఉప్పుగల్లునకు 3 చాలును. ఒత్తిడి వలన స్ఫటికములో కాంతి పోకడ మారు తీరునకు జర్మను పండితుడు పోకెల్సు ఇట్టి పట్టికనే కూర్చియుండెను. దానిని అందరును ప్రమాణముగా గైకొనిరి. 1942లో భగవంతముగారు దానిని మరల లెక్కించి, ఘనజాతిలోని కొన్ని వర్గములకు స్థిరాంకములు 3 కావు, 4 అని నిరూపించిరి. పరికరముతో పనిలేని దిద్దుబాటు! పిమ్మట ప్రయోగములును దానినే బలపరచినవి.

అటుపై భీమసేనాచారిగారితో గూడి కొలత పనికి పూనుకొనిరి. ఒకవైపు దళసరిగను, మరొకవైపు పలుచగను ఉండునట్లు కోసిన పలుగురాతి పలక, చోటుచోటునకు వేరువేరు వేగములతో కంపించును. కనుక ఒక్క పలకతోనే అనేక అతిధ్వనులను పుట్టింపవచ్చును. అవి పరీక్షింపవలసిన స్ఫటికమును దాటి ద్రవములో ప్రవేశించినపుడు, ఆ ద్రవము గుండా పోవు కాంతి చీలును. ఆ చీలికను బట్టి ఏ ధ్వని స్ఫటికమును బాగుగా దాటినదో తెలియును. దాని నుండి స్థితిస్థాపకతను గణింతురు. ఖరీదైన యంత్రములు లేని ప్రయోగశాలకు ఎంత అనువైన ఉపాయము!

1952 నుండి 1957 వరకు ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులుగను, పిదప బెంగుళూరు విజ్ఞానసంస్థ అధిపతిగను, రక్షణమంత్రికి శాస్త్ర సలహాదారుగను పనిచేసిరి. ఇన్ని పదవుల నడుమను స్ఫటికములను విడువలేదు. 1966లో వాటి సౌష్ఠవముపై పెద్ద గ్రంథము వెలువరించిరి.

1985లో అమెరికాలో కనజావా, గోర్డను అను శాస్త్రజ్ఞులు ద్రవములో ముంచిన పలుగురాతి కంపనవేగము ఎంత తగ్గునో తెలుపు సూత్రమును ప్రకటించిరి. అందు ద్రవపు సాంద్రత, చిక్కదనముల సరసన పలుగురాతి స్థితిస్థాపకతయు నున్నది. భగవంతముగారు 1989 ఫిబ్రవరిలో దివంగతులైరి.