అధికారం వదిలి అపురూపాలు పోగేసిన నవాబు: మూడో సాలార్ జంగ్

హైదరాబాద్‌లో సాలార్ జంగ్ మ్యూజియం పేరు వినని తెలుగు కుటుంబం ఉండదేమో. ఊరి నుంచి చుట్టాలొస్తే చార్మినార్, మక్కా మసీదు చూపించి అట్నుంచి అటే మ్యూజియంకు తీసుకెళ్తారు. కానీ సాలార్ జంగ్ ఎవరు అని పిల్లలు అడిగితే పెద్దలు కూడా తడబడతారు. నిజాం అని కొందరు, నిజాం దగ్గర పనిచేసిన దివాన్ అని ఇంకొందరు చెబుతారు.

అసలు సంగతేమిటంటే, ఒకే ఇంట్లో దాదా, తండ్రి, మనవడు ముగ్గురికీ సాలార్ జంగ్ అనే బిరుదు ఉంది. పాఠ్యపుస్తకాల్లో కనిపించేది దాదా. మ్యూజియంలోని వస్తువుల్లో ఎక్కువ భాగం పోగేసింది మాత్రం మనవడు నవాబ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్. ఆయనే మూడో సాలార్ జంగ్.

వజీర్ల ఇల్లు

ఆ ఇంటివాళ్లు తరతరాలుగా ఆసఫ్ జాహీల కొలువులో పెద్ద పదవులు చేసినవాళ్లు. హైదరాబాద్‌లో ఇప్పటికీ మీర్ ఆలం చెరువుగా పిలిచే చెరువును కట్టించిన దివాన్ మీర్ ఆలం ఈ కుటుంబానికి చెందినవారే. ఆ తర్వాత మీర్ తురాబ్ అలీ ఖాన్, అంటే మొదటి సాలార్ జంగ్, 1853లో దివాన్ అయ్యారు. అప్పటికి ఆయన వయసు ఇరవై నాలుగేళ్లు. అప్పుల్లో మునిగిన రాజ్యాన్ని ఒడ్డున పడేశారు. జిల్లాలు ఏర్పాటు చేశారు, శిస్తు వసూలుకు ఒక పద్ధతి తెచ్చారు, దారుల్ ఉలూమ్ లాంటి విద్యాసంస్థలు పెట్టించారు. 1883లో కలరా సోకి ఇంతకాల్ అయ్యేదాకా ఆ పదవిలోనే ఉన్నారు.

మ్యూజియంకు వెళ్లినవాళ్లు ముసుగు వేసుకున్న రెబెకా పాలరాతి విగ్రహం ముందు ఆగకుండా రారు. రాతిలోనే పల్చని ముసుగు, ముసుగు వెనక ముఖం కూడా కనిపించేలా చెక్కాడు ఇటలీ శిల్పి బెంజోనీ. 1876లో యూరప్ వెళ్లినప్పుడు రోమ్‌లో దాన్ని కొన్నది దాదాయే. అంటే మ్యూజియం మొత్తం ఒక్కరి కొనుగోలే అనుకోవడం సరికాదు. ఇంట్లో ముందునుంచే కొంత ఉంది. మనవడు దాన్ని ఎన్నో రెట్లు పెంచాడు.

నెల నిండకుండానే యతీమ్

రెండో సాలార్ జంగ్, మీర్ లాయఖ్ అలీ ఖాన్, 1884 నుంచి 1887 దాకా దివాన్‌గా పనిచేసి తప్పుకున్నారు. 1889 జూన్ 13న పూణేలో ఆయనకు కొడుకు పుట్టాడు. ఆ సంతోషం నెల రోజులు కూడా నిలవలేదు. జూలై నెలలోనే లాయఖ్ అలీ ఖాన్ ఇంతకాల్ అయ్యారు. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లు కూడా లేవు. కొడుక్కి తండ్రి ముఖం తెలియకుండా పోయింది.

పెద్ద ఆస్తికి పాలు తాగే బిడ్డ వారసుడైతే ఏమవుతుందో ఆ కాలంవాళ్లకు బాగా తెలుసు. చుట్టాలు, నౌకర్లు తలో చెయ్యి వేస్తారు. అందుకే సాలార్ జంగ్ ఎస్టేట్‌ను నిజాం ప్రభుత్వం తన పర్యవేక్షణలోకి తీసుకుంది. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పిల్లవాణ్ణి కనిపెట్టుకుని చూశారు, సాలార్ జంగ్ బిరుదు ఇచ్చారు. అబ్బాయి మదర్సా ఏ ఆలియాలో చదువుకున్నాడు. ఇంట్లో చూస్తే ఎటు తిరిగినా దాదా తెచ్చిన బొమ్మలు, పింగాణీ, కితాబులు. దివాన్ దేవిడీ అనే ఆ పెద్ద హవేలీలోనే ఆ వస్తువుల మధ్య పెరిగాడు.

ఇరవై మూడేళ్లకే వజీర్

1911లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కారు. మరుసటి ఏడే మహారాజా కిషన్ ప్రసాద్ స్థానంలో యూసుఫ్ అలీ ఖాన్‌ను ప్రధానమంత్రిని చేశారు. ఇరవై మూడేళ్ల కుర్రాడు. దాదా కూర్చున్న కుర్చీ, తండ్రి కూర్చున్న కుర్చీ ఇప్పుడు తనది.

కానీ ఎక్కువ కాలం కూర్చోలేదు. 1914 చివర్లో రాజీనామా చేశారు. ఆ తర్వాత నిజాం ఎవర్నీ ప్రధానిగా పెట్టుకోకుండా 1919 దాకా పాలన తానే చూసుకున్నారు. దీన్నిబట్టి ఆ దర్బారులో ఒక యువ వజీరుకు ఎంత చోటు మిగిలి ఉంటుందో ఊహించుకోవచ్చు.

పదవి పోయిన అమీర్లు మామూలుగా రెండు పనులు చేసేవాళ్లు. మళ్లీ పదవి కోసం దర్బారు చుట్టూ తిరగడం, లేదంటే విలాసాల్లో పడి ఇల్లు గుల్ల చేసుకోవడం. మూడో సాలార్ జంగ్ ఈ రెండూ చేయలేదు. పాతికేళ్ల వయసులో కుర్చీ వదిలిన మనిషి, మిగిలిన ముప్పై అయిదేళ్లూ వస్తువుల వెతుకులాటలోనే గడిపారు. పెళ్లి కూడా చేసుకోలేదు.

దేవిడీ గుమ్మం ముందు వ్యాపారులు

నవాబు గారికి పాత వస్తువులంటే ప్రాణమని తెలిశాక వ్యాపారులు ఊరుకుంటారా? దేశం నలుమూలల నుంచి మూటలు కట్టుకుని దివాన్ దేవిడీకి వచ్చేవాళ్లు. విదేశాల్లో ఆయన తరఫున చూసిపెట్టే ఏజెంట్లు ఉండేవాళ్లు. పేరున్న దుకాణాలు తమ క్యాటలాగులు, జాబితాలు పంపించేవి. కాగితం మీద చూసి కొనడంతో ఆయన సరిపెట్టుకోలేదు. యూరప్, మధ్యప్రాచ్య దేశాలు తిరిగి, తానే చూసి తెచ్చుకున్నారు.

కాలం కూడా కలిసొచ్చింది. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య యూరప్‌లో ఎన్నో పెద్ద కుటుంబాలు చితికిపోయాయి. తాతలనాటి సామాను వేలానికొచ్చింది. చేతిలో డబ్బు, మనసులో ఇష్టం ఉన్నవాడికి అది మంచి అదను.

ఆయన ఏం కొన్నారో చూస్తే ఆ ఇష్టానికి సరిహద్దు లేదని తెలుస్తుంది. ఇరాన్ తివాచీలు, చైనా, జపాన్ పింగాణీ, ఫ్రాన్స్ ఫర్నిచర్, బీదర్ పనితనం, కశ్మీరీ శాలువాలు, దక్షిణాది కంచు విగ్రహాలు, మొఘల్, దక్కనీ సూక్ష్మచిత్రాలు, రాజా రవివర్మ పెయింటింగులు, కత్తులు, చేతికర్రలు, గడియారాలు. చివరికి పిల్లల ఆటబొమ్మలు కూడా వదల్లేదు. ఒకే దుంగలో ముందువైపు మెఫిస్టోఫిలిస్, వెనకవైపు మార్గరెట్టా కనిపించేలా చెక్కిన కొయ్య విగ్రహం వెనక అద్దం పెట్టి చూపిస్తారు. గంటకు మూడు నిమిషాల ముందు గడ్డం బొమ్మ బయటికొచ్చి గంట కొట్టే కుక్ అండ్ కెల్వీ గడియారం గురించి చెప్పక్కర్లేదు. దాని ముందు జనం కింద కూర్చుని మరీ ఎదురుచూస్తారు.

అన్నీ ఒకే స్థాయివి కావన్నది కూడా నిజమే. యూరప్ చిత్రాల్లో అసలైనవాటి పక్కన పేరున్న చిత్రాల నకళ్లూ ఉన్నాయి. టుటన్‌ఖామున్ సింహాసనం కూడా నకలే. ఆయన కళాచరిత్ర చదివిన పండితుడిలా ఆచితూచి ఏరలేదు. కంటికి నచ్చితే తెచ్చుకున్నారు. అందుకే ఏమీ చదువుకోని మనిషికి కూడా ఆ గదుల్లో ఏదో ఒకటి నచ్చి తీరుతుంది.

కితాబుల ఖజానా

గడియారం చూసి వెనక్కి తిరిగేవాళ్లు తరచూ వదిలేసేది కితాబుల సంపద. ఎనిమిది వేలకు పైగా చేతిరాత ప్రతులు, అరవై వేలకు పైగా అచ్చు పుస్తకాలు అక్కడ ఉన్నాయి. అరబీ, ఫార్సీ, ఉర్దూ, తుర్కీ, ఇంగ్లిష్, తెలుగు, ఇంకా వేరే భాషలవీ ఉన్నాయి. వీటిలో కొన్ని పూర్వీకులు దాచినవి, చాలా వరకు ఆయన చేర్చినవి.

తోలు కాగితం మీద పాత కూఫీ లిపిలో రాసిన ఖురాన్ షరీఫ్ ప్రతి 9వ శతాబ్దానిదని నిపుణుల అంచనా. అరబీ అందాల రాతలో ఉస్తాదుగా పేరుపడ్డ యాఖూత్ అల్ ముస్తాసిమీ రాసిన ఖురాన్ ప్రతి కూడా ఇక్కడుంది. అది మొఘల్ బాదుషాల చేతుల మీదుగా వచ్చింది. జేడ్ రాతితో, అంటే సంగె యష్మ్‌తో చేసిన ఒక రెహాల్ మీద ఢిల్లీ సుల్తాన్ అల్తమష్ పేరుంది. ఖురాన్ చదవడానికి మన ఇళ్లలో పెట్టుకునే చెక్క రెహాల్ లాంటిదే. జహంగీర్, నూర్జహాన్‌లవిగా చెప్పే బాకు, కత్తి కూడా అదే గదిలో ఉంటాయి.

హైదరాబాద్ కట్టిన ముహమ్మద్ ఖులీ ఖుతుబ్ షా కవితల ప్రతి కూడా ఈ సేకరణలో ఉంది. ఆ సుల్తాన్ దక్కనీలో రాసేవాడు, తెలుగు మాటలు కూడా కలిపేవాడు. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు మాట్లాడుకునే కుటుంబాలకు ఇంతకంటే దగ్గరి పుస్తకం ఇంకేముంటుంది?

ఆ డబ్బు ఎక్కడిది?

ఇన్ని కొనడానికి డబ్బు ఎక్కడిదన్న ప్రశ్న రాక మానదు. సాలార్ జంగ్ ఎస్టేట్ చాలా పెద్ద జాగీరు. పాలమూరు వైపు కోయిలకొండ, ఇప్పటి కర్ణాటకలోని కొప్పల్, ఇంకా ఎన్నో ఊళ్లు దాని కింద ఉండేవి. ఆ ఊళ్లలో రైతు కట్టిన శిస్తే దేవిడీకి చేరేది. ఆ శిస్తు లేకుండా ఇరాన్ తివాచీ లేదు, రవివర్మ చిత్రమూ లేదు. నవాబు గారి ఇష్టాన్ని మెచ్చుకునేటప్పుడు పేరు కూడా తెలియని ఆ రైతుల్ని మరిచిపోవడం ఇన్సాఫ్ కాదు.

ఈ సేకరణ చివరికి ఎవరి చేతికి పోయిందన్న మాట అందుకే ముఖ్యం.

వారసుడు లేని ఆస్తి

1948 సెప్టెంబర్‌లో పోలీస్ చర్యతో హైదరాబాద్ రాజ్యం భారతదేశంలో కలిసింది. ఆర్నెల్లు తిరక్కుండానే, 1949 మార్చి 2న, మూడో సాలార్ జంగ్ ఇంతకాల్ అయ్యారు. అరవై ఏళ్లు నిండడానికి ఇంకా మూడు నెలలుంది. అదే ఏడు ఆగస్టులో జాగీర్దారీ రద్దయింది.

భార్యాపిల్లలు లేరు. గదుల నిండా వేల వస్తువులు. హక్కుందంటూ బంధువులు ముందుకొచ్చారు. షరీఅత్ ప్రకారం వారసత్వం పంచితే వాటాలు వాటాలుగా విడిపోవడం మామూలే. పొలమైతే గట్లు వేసుకుంటారు. మరి రెబెకా విగ్రహాన్ని ఎలా పంచుతారు? అమ్మి డబ్బు పంచుకోవాలి. అదే జరిగి ఉంటే ఆ వస్తువులు మళ్లీ లండన్, పారిస్ వేలంపాటలకే చేరేవి.

అలా జరగలేదు. ప్రభుత్వం ఎస్టేట్ చూసుకోవడానికి ఒక కమిటీని వేసింది. అప్పటి ప్రధాన పాలనాధికారి వెల్లోడి, దీన్ని మ్యూజియంగా మారిస్తే బాగుంటుందని తలచారు. కళావిమర్శకుడు జేమ్స్ కజిన్స్‌ను పిలిపించి వస్తువుల్ని వరసలో పెట్టించారు. 1951 డిసెంబర్ 16న దివాన్ దేవిడీలోనే జవాహర్‌లాల్ నెహ్రూ మ్యూజియంను తెరిచారు. కోట లాంటి ఆ ఇంట్లోకి మామూలు జనం టికెట్ తీసుకుని నడిచివెళ్లారు.

వారసత్వ వ్యవహారం మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది. చివరికి 1958లో కుటుంబ సభ్యులు హైకోర్టు ద్వారా సులహ్‌కు వచ్చారు. ఆ రాజీపత్రంతో సేకరణ మొత్తం భారత ప్రభుత్వానికి దక్కింది. నవాబు పోగేస్తే, వారసులు ముక్కలు చేయకుండా వదిలారు. మొదటిదాన్ని అందరూ చెప్పుకుంటారు, రెండోదాన్ని ఎవరూ చెప్పుకోరు. కానీ ఆ రెండోది లేకపోతే మొదటిది మిగిలేది కాదు.

1961లో పార్లమెంటు చట్టం చేసి దీన్ని జాతీయ ప్రాధాన్యం గల సంస్థగా ప్రకటించింది. దాన్ని నడిపే బోర్డులో సాలార్ జంగ్ కుటుంబానికి కూడా చోటిచ్చారు. 1968లో మ్యూజియం మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలోకి మారింది. రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ దాన్ని ప్రారంభించారు. పాత దివాన్ దేవిడీలో పెద్ద దర్వాజాలు మిగిలాయి. మిగతాదంతా బట్టల దుకాణాల బజారైపోయింది.

తర్వాతి కాలంలో మ్యూజియంకు రెండు వైపులా కొత్త భవనాలు కట్టారు. తూర్పు భవనానికి దాదా మీర్ తురాబ్ అలీ ఖాన్ పేరు, పడమటి భవనానికి తండ్రి మీర్ లాయఖ్ అలీ ఖాన్ పేరు పెట్టారు. కొడుకు కళ్లు తెరిచి గుర్తుపట్టేలోపే వెళ్లిపోయిన తండ్రి పేరు, ఆ కొడుకు పోగేసిన వస్తువులున్న చోట నిలిచింది.

ఈసారి పిల్లల్ని తీసుకెళ్తే గడియారం, రెబెకా చూపించాక జేడ్ గదిలోని రెహాల్ దగ్గర, చేతిరాత ఖురాన్ ప్రతుల దగ్గర కూడా కాసేపు ఆపండి. కోయిలకొండ రైతు కట్టిన శిస్తుతో వచ్చినవి అవి. ఈరోజు ఆ రైతు మునిమనవడు కూడా టికెట్ కొని చూడగలుగుతున్నాడు. శుక్రవారం మాత్రం మ్యూజియంకు సెలవు.