వాల్టర్ షూహార్ట్

వాల్టర్ షూహార్ట్ 1891లో అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రమున జన్మించెను. భౌతికశాస్త్రమున డాక్టరు పట్టము పొంది, 1918లో టెలిఫోను పరికరములు తయారుచేయు వెస్టరన్ ఎలక్ట్రిక్ సంస్థలో చేరెను.

ఆ దినములలో వస్తువులు తయారైన పిమ్మట పరీక్షించి, చెడ్డవానిని ఏరివేయుచుండిరి. కొలత కొంచెము మారినంతనే యంత్రమును సవరించుచుండిరి. అందువలన దోషము తగ్గుటకు మారుగా హెచ్చుచుండెను.

ఎంత జాగ్రత్తతో చేసినను ఏ రెండు వస్తువులును అచ్చముగా ఒక్కతీరున నుండవని షూహార్ట్ గ్రహించెను. ఆ భేదములలో పెక్కు సహజములు. కొన్ని మాత్రము అరిగిన పనిముట్టు వంటి ప్రత్యేక కారణమువలన కలుగును. ఈ రెంటిని వేరుపరచుటెట్లు?

1924 మే 16వ తేదీన ఆయన పై అధికారికి ఒక్క పుట లేఖ వ్రాసి, అందొక చిన్న పటమును చూపెను. అదియే నియంత్రణ పటము. దానిలో సగటునకు పైనను క్రిందను హద్దుగీతలుండును. కొలతల చుక్కలు హద్దులలో క్రమము లేక చెదరియున్నచో యంత్రమును కదలింపరాదు. హద్దు దాటినచో కారణమును వెదకవలెను.

1931లో ఆయన ఈ విషయమును గ్రంథముగా ప్రకటించెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున అమెరికా కర్మాగారములలో ఈ పద్ధతి వ్యాపించెను. 1947-48లో కలకత్తాలోని భారత సాంఖ్యకశాస్త్ర సంస్థ పక్షమున ఆయన మన దేశమునకు వచ్చి, ఈ విద్యను పరిచయము చేసెను. 1967లో ఆయన మరణించెను.

తొందరపడి దిద్దుటకంటె కారణమెరిగి దిద్దుట మేలని ఆ చిన్న పటము నేటికిని తెలుపుచున్నది.