బాధ తనది, సంతోషం పిల్లలది

డాక్టర్ జాకిర్ హుసేన్ పేరు వినగానే మనకు రాష్ట్రపతి గుర్తుకొస్తారు. ఆయనలోని తండ్రిని ఎరిగినవారు తక్కువ.

ఆయన 1897లో హైదరాబాదులో జన్మించారు. పదేళ్ళ వయసులో తండ్రిని, 1911లో ప్లేగు వ్యాధికి తల్లిని పోగొట్టుకున్నారు. 1926లో జర్మనీ నుండి తిరిగివచ్చి ఢిల్లీలో జామియా మిల్లియా ఇస్లామియా బాధ్యత స్వీకరించారు. సంస్థ దగ్గర డబ్బు లేదు. నెలకు 150 రూపాయలకు మించి తీసుకోకుండా 20 ఏళ్ళు సేవ చేస్తామని 1928లో ఆయన, సహచరులు ప్రతిన బూనారు.

ఆ ఇబ్బందుల రోజుల్లోనే ఆయన చిన్నారి కూతురు రెహానా జబ్బుపడింది. ఒకనాడు ఆయన బడిపిల్లలకు మిఠాయి పంచుతుండగా, పాప ఇక లేదన్న కబురు వచ్చింది. ఆయన చేతులు ఆగలేదు. ఆ పసివాళ్ళ సంతోషాన్ని చెడగొట్టడానికి మనసొప్పలేదు. ఆ తర్వాత పిల్లల కోసం తాను రాసిన కథలను ఆ పాప పేరుతోనే ప్రచురించారు. ‘అబ్బూఖాన్ మేక’ వాటిలో ఒకటి.

మన ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఎన్నో ఇళ్ళలో తండ్రి గల్ఫ్‌లో, అప్పు వాకిట్లో, ఇంటి బరువంతా తల్లి మీద. ఆ విసుగు చివరికి పిల్లల మీదే పడుతుంది. దుఃఖాన్ని దాచుకోమని మేము అనడం లేదు. హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) కూడా కుమారుని కోసం కన్నీరు కార్చారు. అయితే మన కష్టానికి పిల్లలు కారకులు కారు. వారు అల్లాహ్ మనకప్పగించిన అమానతు. ఈ పూట గడపలో ఒక్క క్షణం ఆగి, వారికి సలాం చెప్పి లోపలికి వెళ్దాం.