యల్లాప్రగడ సుబ్బారావు: ఊరూ పేరూ లేని ప్రోటీన్ గుట్టు విప్పిన ఏటీపీ.. దాన్ని కనిపెట్టింది మన భీమవరం డాక్టరే!

కనిగిరి అయినా, గిద్దలూరు అయినా.. సర్కారు ఆస్పత్రికి చెకప్‌కి వెళ్లిన గర్భిణికి ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఇస్తారు. ఆ ఫోలిక్ యాసిడ్‌ను ల్యాబ్‌లో తయారు చేసిన టీమ్‌ని నడిపించింది మన తెలుగాయనే. పేరు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన కనిపెట్టిన మరో పదార్థం, ఆయన పోయిన 50 ఏళ్లకు సైంటిస్టుల చిక్కుముడి ఒకటి విప్పింది. అదేంటో చూద్దాం.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మెట్రిక్ మూడోసారికి గానీ పాస్ కాలేదు. మద్రాస్ మెడికల్ కాలేజీలో చదివేటప్పుడు గాంధీజీ పిలుపు విని ఖద్దరు వేసుకున్నారు. అది తెల్లదొర ప్రొఫెసర్‌కు నచ్చలేదు. చివరికి ఎంబీబీఎస్ బదులు ఎల్‌ఎంఎస్‌తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది.

ఆ తర్వాత అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో చేరారు. అక్కడ సైరస్ ఫిస్కేతో కలిసి 1929లో కండరాల్లో ఏటీపీని గుర్తించారు. అదే టైమ్‌లో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని కనిపెట్టారు. ఏటీపీ అంటే సింపుల్‌గా.. కణం ఖర్చు పెట్టుకునే శక్తి. మనిషికైనా, బ్యాక్టీరియాకైనా అదే.

ఇంత చేసినా హార్వర్డ్‌లో పర్మినెంట్ ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లే కంపెనీకి మారారు. ఫోలిక్ యాసిడ్, బోదకాలు మందు హెట్రజాన్, క్యాన్సర్‌కు వాడే మెథోట్రెక్సేట్.. అన్నీ అక్కడి నుంచి వచ్చినవే. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే కన్నుమూశారు. నోబెల్ రాలేదు.

ఇక అసలు విషయానికొస్తే.. సూక్ష్మజీవుల జీన్లు చదవడం మొదలయ్యాక కొత్త సమస్య వచ్చింది. ప్రోటీన్లు వేలల్లో ఉన్నాయి. కానీ చాలావాటి పనేంటో తెలియదు. అందుకే ఉప్పునీళ్లు ఆరితే పలుకులు కట్టినట్టు ప్రోటీన్‌ని స్ఫటికంగా మార్చి, ఎక్స్-రేలు పంపి, దాని ఆకారం చూస్తారు. ఆకారాన్ని బట్టి పని ఊహిస్తారు.

1998లో అమెరికాలోని బర్కిలీ సైంటిస్టులు ఎంజే0577 అనే ప్రోటీన్‌ని ఇలాగే చూశారు. అది సముద్రం అడుగున వేడినీటి బుగ్గల దగ్గర బతికే, బ్యాక్టీరియా లాంటి ఓ జీవిది. ల్యాబ్‌లో దాన్ని ఈ.కోలి బ్యాక్టీరియాలో తయారు చేశారు. తీరా స్ఫటికంలో చూస్తే.. ప్రోటీన్‌కి ఏటీపీ అతుక్కుని ఉంది! ఎవరూ కలపలేదు, ఈ.కోలి నుంచే వచ్చింది. అంటే ఏటీపీతోనే దీని పని అని క్లూ దొరికింది. తర్వాత టెస్ట్ చేస్తే ఈ ప్రోటీన్ ఏటీపీని విడగొట్టింది. అయితే ఒక షరతు.. ఆ జీవి కణాల రసం కూడా కలపాలి.

టీబీ బ్యాక్టీరియాలో దాదాపు 4 వేల జీన్లున్నాయి. వాటి నుంచి వచ్చే చాలా ప్రోటీన్ల పని ఇప్పటికీ తేలలేదు. అది తేలితే ఏ ప్రోటీన్‌ని అడ్డుకుంటే క్రిమి చస్తుందో తెలుస్తుంది, కొత్త మందులకు దారి దొరుకుతుంది. ఆ వెతుకులాటలో నేటికీ సైంటిస్టులు చూసే గుర్తుల్లో ఏటీపీ ఒకటి.