తలదాచుకునే నీడ, చేతిలో నాలుగు డబ్బులు

ఎలినార్ రాత్‌బోన్ పేరు మొదటిసారి చదివినప్పుడు నాకు కోపమే వచ్చింది. 1941లో ఆవిడ భారతీయులకు ఒక బహిరంగ లేఖ రాసింది. హిట్లర్‌తో తాము చావోబతుకో తేల్చుకుంటుంటే భారతీయులు సాయానికి రావడం లేదని ఆవిడ ఫిర్యాదు. అప్పుడు నెహ్రూ జైల్లో ఉన్నారు. మంచం పట్టిన రవీంద్రనాథ్ ఠాగూర్ జూన్ నెలలో దానికి గట్టి జవాబిచ్చారు. ఆగస్టులో ఆయన కన్నుమూశారు. ఆ పెద్దాయన చేత చివరి రోజుల్లో అంత బాధగా రాయించిన తెల్లదొరసాని గురించి మనకెందుకులే అని పక్కన పెట్టేశాను.

తర్వాతెప్పుడో రెండో ప్రపంచయుద్ధం నాటి కాందిశీకుల సంగతులు చదువుతుంటే మళ్లీ అదే పేరు. ఒకచోట కాదు, ఎక్కడ చూసినా ఆవిడే. వీసా రాలేదంటే ఆవిడ, శిబిరంలో పడేశారంటే ఆవిడ, మొగుడూ పెళ్లాలను విడదీశారంటే ఆవిడ. ఇంగ్లండులో ఆవిడను కాందిశీకుల ఎంపీ అనేవారట. అప్పుడు కూర్చుని ఆవిడ కథంతా చదివాను. ఇల్లూ ఊరూ వదిలి, ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చినవాళ్లకు తిండెవరు పెట్టాలి? ఎక్కడ ఉంచాలి? అది దయగలవాళ్ల పనా, ప్రభుత్వం పనా? ఆ ప్రశ్నకు ఆవిడ జీవితమంతా ఒక జవాబులా అనిపించింది.

రేవు కూలీల ఇళ్లలో

ఎలినార్ 1872 మే 12న లండన్‌లో పుట్టింది. వాళ్లది లివర్‌పూల్ ఓడరేవులో పేరున్న వర్తక కుటుంబం. తండ్రి పార్లమెంటు సభ్యుడు. పేదవాళ్ల ఇళ్లకే నర్సులు వెళ్లి సేవ చేసే పద్ధతిని లివర్‌పూల్‌లో మొదలుపెట్టింది ఆయనే. డబ్బుకు లోటు లేదు. కూతురు పెళ్లి చేసుకుని హాయిగా ఉండొచ్చు. కానీ ఆవిడ ఆక్స్‌ఫర్డ్‌కు వెళ్లి తత్వశాస్త్రం చదివింది. చదివిందన్నమాటే గానీ డిగ్రీ చేతికివ్వలేదు. ఆ విశ్వవిద్యాలయం ఆడవాళ్లకు డిగ్రీలివ్వడం మొదలుపెట్టింది 1920లో మరి!

చదువయ్యాక లివర్‌పూల్ వచ్చి బీదల ఇళ్ల వెంట తిరిగింది. రేవు కూలీలకు ఇవాళ పని దొరికితే రేపు దొరకదు. దొరికిన రోజు కూలి కూడా ఇంటికి ఎంత చేరుతుందో దేవుడికెరుక. ఇంటి ఖర్చు నెట్టుకొచ్చేది ఇల్లాలు, డబ్బుండేది మగాడి జేబులో. మనకిది కొత్త సంగతేం కాదు కదా! ఆవిడ దీన్ని లెక్కలతో సహా రాసి పెట్టింది. 1909లో లివర్‌పూల్ నగర కౌన్సిల్‌కు ఎన్నికైంది. ఆ కౌన్సిల్లో అడుగుపెట్టిన మొదటి మహిళ ఆవిడే. పాతికేళ్లకు పైగా అక్కడే ఉండి బీదల ఇళ్ల కోసం పోట్లాడింది.

1914లో యుద్ధం వచ్చింది. మగవాళ్లు సైన్యంలోకి వెళ్లారు. ప్రభుత్వం వాళ్ల భార్యలకు, పిల్లల సంఖ్యను బట్టి, భత్యం ఇచ్చింది. లివర్‌పూల్‌లో ఆ పంపిణీ బాధ్యత నెత్తిన వేసుకున్నవాళ్లలో ఎలినార్ ముఖ్యురాలు. అక్కడ ఆవిడ కళ్లు తెరుచుకున్నాయి. వారంవారం ఠంచనుగా డబ్బు తల్లి చేతికి వస్తే చాలు, ఆ ఇంట్లో పిల్లల మొహాలే మారిపోతున్నాయి. దానం అయితే తల వంచుకుని తీసుకోవాలి. హక్కుగా వస్తే తల ఎత్తుకుని తీసుకోవచ్చు. ఈ రెంటికీ ఉన్న తేడా ఆవిడ మరిచిపోలేదు. పిల్లల పెంపకానికి ప్రభుత్వమే తల్లికి భత్యం ఇవ్వాలంటూ 1924లో పెద్ద పుస్తకమే రాసింది.

మన సంగతుల్లోకి వచ్చి

1929లో స్వతంత్ర అభ్యర్థిగా పార్లమెంటుకు వెళ్లింది. అంతకు రెండేళ్ల ముందు వచ్చిన కాథరిన్ మేయో పుస్తకం చదివి, మన దేశంలో బాల్యవివాహాల మీద ఆవిడకు పట్టుదల పుట్టింది. లండన్‌లో సభ పెట్టింది. మా సంగతి మమ్మల్ని కాదని మీరెలా తేలుస్తారంటూ ధన్వంతి రామారావు ఆ సభలోనే లేచి నిలదీశారు. తప్పేముంది? శారదా చట్టం ఆ ఏడే మన చట్టసభలో మనవాళ్లే తెచ్చుకున్నారు. 1932లో ఎలినార్ మన దేశం వచ్చి చూసింది. రెండేళ్లకు బాల్యవివాహాల మీద పుస్తకం రాసింది. మనవాళ్ల బాధ ఆవిడకు కనపడింది. మనవాళ్ల ఆత్మాభిమానం మాత్రం అంతగా కనపడలేదు. 1941 నాటి ఆ లేఖ కూడా అలాంటిదే. మంచివాళ్లకు కూడా కొన్ని వైపులు కనపడవు. ఆవిడ గొప్పదనం చెబుతూ ఇది దాచడం న్యాయం కాదు.

పైసా ఇవ్వం, రానిస్తాం

1933లో హిట్లర్ గద్దెనెక్కాడు. జర్మనీ నుంచి యూదులు రావడం మొదలైంది. వాళ్ల భారం ఖజానా మీద పడనివ్వమని బ్రిటన్‌లోని యూదు పెద్దలు ప్రభుత్వానికి మాటిచ్చారు. ప్రభుత్వం ఆ మాటనే పట్టుకు కూర్చుంది. 1937లో స్పెయిన్ అంతర్యుద్ధం నుంచి దాదాపు 4,000 మంది బాస్క్ పిల్లలు ఓడలో సౌతాంప్టన్‌లో దిగినప్పుడూ అదే తంతు. వాళ్ల కోసం పొలాల్లో డేరాలు వేసిందీ, తిండి పెట్టిందీ చందాల డబ్బుతోనే. ఆ సాయం కోసం తిరిగినవాళ్లలో ఎలినార్ ఒకరు.

పైకి చూస్తే ఇందులో తప్పేముందనిపిస్తుంది. తప్పంతా లెక్కలో ఉంది. చందా ఎంత వస్తే అంతమందికే చోటు. చందా ఆగిందంటే వీసా ఆగినట్టే. పిల్లలను ఒంటరిగా రైళ్లలో పంపించిన 1938-39లో ఒక్కో బిడ్డకు 50 పౌండ్ల పూచీ కట్టమన్నారు. అలా దాదాపు 10,000 మంది పిల్లలు బతికి బయటపడ్డారు. వాళ్ల తల్లిదండ్రుల్లో చాలామంది మళ్లీ కనపడలేదు. ఆడవాళ్లకు ఇంకో దారి ఉండేది. ఇంగ్లీషు వాళ్ల ఇళ్లలో పనిమనిషిగా చేరతానంటే రానిచ్చేవారు. సుమారు 20,000 మంది అలా వచ్చారు. నిన్నటిదాకా తమ ఇంట్లో వంటమనిషిని పెట్టుకున్నావిడ ఇవాళ పరాయి వంటింట్లో గిన్నెలు తోమింది.

1938 సెప్టెంబరు చివర మ్యూనిక్‌లో చెకొస్లొవేకియాలో ఒక భాగాన్ని హిట్లర్‌కు ధారపోశారు. ఆ ఒప్పందంలో బ్రిటన్ చెయ్యి ఉంది కాబట్టి, అక్కడ నిలువనీడ లేనివాళ్ల బాధ్యత కూడా బ్రిటన్‌దేనని ఎలినార్ వాదించింది. ఆ ఏడాది చివర పార్టీల తేడా లేకుండా ఎంపీలను కూడగట్టి కాందిశీకుల కోసం ఒక కమిటీ పెట్టించి, తాను కార్యదర్శిగా చాకిరీ చేసింది. బ్రిటన్ చెకొస్లొవేకియాకు ఇచ్చిన 40 లక్షల పౌండ్లు కాందిశీకుల కోసమే. ప్రాగ్ నగరం కూడా హిట్లర్ పాలయ్యాక, ఆ డబ్బులో మిగిలిన దానితో 1939లో ఒక నిధి ఏర్పాటైంది. వేలమందికి బసా భోజనం ఆ నిధిలోంచే నడిచాయి. ప్రభుత్వ ధనంతో కాందిశీకులను పోషించవచ్చని తేలిపోయింది. యుద్ధం మొదలై చందాలు అడుగంటాక, మిగతావాళ్ల పోషణలో కూడా ప్రభుత్వం ముందు సగం, తర్వాత చాలావరకు భరించక తప్పలేదు.

ముళ్లతీగ వెనుక

అంతలో 1940 వేసవి వచ్చింది. ఫ్రాన్స్ పడిపోతోంది. బ్రిటన్‌లో భయం పుట్టింది. జర్మనీ నుంచి వచ్చినవాడల్లా గూఢచారేనన్న అనుమానం. హిట్లర్ దెబ్బకు పారిపోయి వచ్చిన యూదులనే శత్రుదేశస్థులంటూ పట్టుకెళ్లారు. మొత్తం సుమారు 27,000 మందిని నిర్బంధించారు. లివర్‌పూల్ పక్కన హైటన్‌లో సగం కట్టిన మునిసిపల్ ఇళ్ల చుట్టూ ముళ్లతీగ వేసి శిబిరం చేశారు. ఇళ్లు చాలక డేరాలు వేశారు. ఎలినార్ పుట్టిపెరిగిన కుటుంబం ఊరు అది. బీదల ఇళ్ల కోసం ఆవిడ ఏళ్ల తరబడి పోట్లాడిన చోటు అది. జూలైలో అక్కడికే వెళ్లి లోపలివాళ్లతో మాట్లాడింది.

ఆడవాళ్లను మాన్ దీవికి పంపారు. సముద్రపు ఒడ్డున సెలవులకు వచ్చేవాళ్లకోసం కట్టిన లాడ్జీల్లో ఉంచారు. ముక్కూమొహం తెలియని ఇద్దరు ఆడవాళ్లు ఒకే మంచం మీద పడుకోవాల్సి వచ్చింది. భర్త అదే దీవిలో ఇంకో శిబిరంలో. బతికున్నాడో లేదో తెలియని భార్యలెందరో! జూలై 2న నిర్బంధితులను కెనడా తీసుకువెళుతున్న ఆరండోరా స్టార్ ఓడను జర్మన్ జలాంతర్గామి ముంచేసింది. 800 మందికి పైగా చచ్చిపోయారు.

యుద్ధం మధ్యలో ప్రభుత్వాన్ని నిలదీస్తే దేశద్రోహి అంటారు. ఎలినార్ లెక్కచేయలేదు. జూలై 10న పార్లమెంటులో పెద్ద చర్చ జరిగింది. ఆ తర్వాత ప్రశ్న మీద ప్రశ్న. ఫలానా డాక్టర్ను ఎందుకు పట్టుకున్నారు, ఫలానా ముసలాయనకు మందులెందుకు అందలేదు, ఉత్తరాలు ఎందుకు ఆలస్యమవుతున్నాయి. ఆవిడను చూస్తే అధికారులు తప్పుకుని పోయేవారని చెబుతారు. జూలై చివరికి ఎవరెవరిని విడుదల చేయవచ్చో జాబితా వచ్చింది. మరుసటి ఏడు భార్యాభర్తలు కలిసి ఉండే శిబిరం పెట్టారు. క్రమంగా చాలామంది బయటపడ్డారు.

ఆ తర్వాత యూరప్‌లో యూదుల సామూహిక హత్యల సంగతి బయటికి పొక్కింది. 1942 డిసెంబరులో పార్లమెంటు లేచి నిలబడి మౌనం పాటించింది. మౌనం సరే, మనుషుల సంగతేమిటన్నది ఎలినార్ పట్టుదల. 1943లో వాళ్లను కాపాడేందుకు జాతీయ కమిటీ ఏర్పాటులో ముందు నిలిచింది. వీసాలు పెంచమని, తటస్థ దేశాలకు ఖర్చు తామే భరిస్తామని హామీ ఇవ్వమని అడిగింది. చాలావరకు తలుపులు తెరుచుకోలేదు. ఆ ఓటమి ఆవిడను చివరిదాకా బాధించింది.

ఐదు షిల్లింగులు

1945లో కుటుంబ భత్యాల బిల్లు వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్ల పోరాటం ఫలించింది. రెండో బిడ్డ నుంచి ఒక్కొక్కరికి వారానికి ఐదు షిల్లింగులు. కానీ బిల్లులో చూస్తే డబ్బు తండ్రికని రాసి ఉంది! అలాగైతే తన బిల్లుకు తానే వ్యతిరేకంగా ఓటు వేస్తానని ఆవిడ మొండికేసింది. మార్చారు. తల్లికే ఇవ్వాలని చట్టమైంది. మొదటి చెల్లింపు 1946 ఆగస్టులో తల్లుల చేతికి అందింది. అది చూడటానికి ఆవిడ లేదు. ఆ ఏడు జనవరి 2నే కన్నుమూసింది. పెళ్లి చేసుకోలేదు. పిల్లలు లేరు.

ఈ కథంతా చదివాక నాకొకటి తట్టింది. సైనికుడి భార్య గురించి అడిగినా, కాందిశీకురాలి గురించి అడిగినా ఆవిడ అడిగింది ఒక్కటే. కష్టంలో ఉన్న మనిషికి పెట్టేది ఎవరి దయ మీదా ఆధారపడకూడదు, నేరుగా ఆ చేతికే అందాలి.

బ్రిటన్ ఆ పాఠం నేర్చుకుందా అంటే, పూర్తిగా లేదనే చెప్పాలి. శరణు కోరి వచ్చినవాళ్ల పోషణను 1999 చట్టం ప్రభుత్వానికి అప్పగించింది. కానీ ఎక్కడ ఉంచితే అక్కడే ఉండాలి. 2000లో వాళ్లకు డబ్బుకు బదులు ఎక్కువభాగం కూపన్లు ఇచ్చారు. దుకాణంలో అందరి ముందూ కూపన్ తీసి ఇవ్వాలి, చిల్లర తిరిగి రాదు. గోల పుట్టి రెండేళ్లకు ఆ కూపన్లు తీసేశారు.

చంటిపిల్లను చంకనేసుకుని ఆ దుకాణం వరసలో నిలబడిన తల్లిని ఊహించుకుంటే నాకు ఎలినార్ గుర్తొస్తుంది. ఠాగూర్‌ను నొప్పించిన ఆవిడ మీద కోపం ఇంకా కాస్త ఉంది. అయినా ఆ తల్లి తరఫున అడగడానికి ఇవాళ ఆవిడుంటే ఎంత బాగుండు!