పనివాడి చెయ్యి తెలిసిన మనిషి – అలాంజో డెక్కర్

గోడకు బోర్డు బిగించాలన్నా, తలుపుకు గడియ వెయ్యాలన్నా ముందు కావలసింది డ్రిల్లింగ్ మిషన్. పిస్తోలులా పట్టుకుని, చూపుడు వేలితో మీట నొక్కి పని కానిస్తారు. దానికి ఆ రూపం ఇచ్చిన ఇద్దరు మిత్రుల్లో ఒకరు అలాంజో డెక్కర్.

ఆయన 1884లో జన్మించారు. అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో ఒక టెలిగ్రాఫ్ కంపెనీలో పనిచేస్తుండగా డంకన్ బ్లాక్‌తో స్నేహం కుదిరింది. 1910లో ఇద్దరూ ఉద్యోగాలు వదిలి సొంతంగా ఒక వర్క్‌షాపు పెట్టారు. పెట్టుబడి 1200 డాలర్లు. బ్లాక్ తన కారు అమ్మి 600 డాలర్లు తెచ్చారు. డెక్కర్ తన ఇల్లు తాకట్టు పెట్టి మరో 600 తెచ్చారు. వ్యాపారం దెబ్బతింటే ఉన్న గూడు కూడా పోయేది. మొదటి రోజుల్లో పాలసీసాల మూతల యంత్రం వంటివి ఇతరుల కోసం తయారుచేస్తూ నెట్టుకొచ్చారు.

కరెంటు డ్రిల్లును వాళ్ళు కొత్తగా కనిపెట్టలేదు. 1889లోనే ఆస్ట్రేలియాలో ఆర్నాట్ దానికి పేటెంటు పొందారు. 1895లో జర్మనీకి చెందిన ఫైన్ కంపెనీ చేత్తో పట్టుకునే డ్రిల్లు తయారుచేసింది. కాని అలాంటి పాత డ్రిల్లులను రెండు చేతులా పట్టుకుని ఒంటి బలమంతా పెట్టి అదమాల్సి వచ్చేది. పనివాడి చెయ్యి పడే ఈ బాధను మిత్రులిద్దరూ గమనించారు.

కోల్ట్ పిస్తోలును చూశాక వారికి ఉపాయం తట్టిందని చెబుతారు. మోటారు వెనుక భాగంలో కిందికి దిగే పిడి పెట్టారు. మీటను ఆ పిడిలోనే అమర్చారు. పట్టు వదలకుండానే వేలితో కరెంటును అదుపు చేయవచ్చు. ఏసీ, డీసీ రెండింటి మీదా నడిచే మోటారు వాడారు. 1914లో దరఖాస్తు చేస్తే 1917లో పేటెంటు వచ్చింది. 1919 నాటికి కంపెనీ అమ్మకాలు పది లక్షల డాలర్లకు చేరాయి.

చాలాకాలం డ్రిల్లు కర్మాగారాలకే పరిమితమైంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో కార్మికులు ఇంటి పనికి కూడా డ్రిల్లు కోరుకుంటున్నారని కంపెనీ గ్రహించింది. 1946లో పావు అంగుళం డ్రిల్లును 16.95 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. అలా అది సామాన్యుడి ఇంటికి చేరింది.

బ్లాక్ 1951లో, డెక్కర్ 1956లో కన్నుమూశారు. వారి పేర్లు కలిసిన ‘బ్లాక్ అండ్ డెక్కర్’ మాత్రం నిలిచింది.

ఐటీఐ, పాలిటెక్నిక్ బాట పట్టే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! వర్క్‌షాపులో పనిముట్టు పట్టినప్పుడు చెయ్యి ఎక్కడ నొస్తోందో గమనించండి. అక్కడే మీరు చేయదగిన మార్పు ఒకటి ఉండవచ్చు.